రాతి మీద బట్ట: అంగ్‌కోర్ వాట్‌లో మా ఒక రోజు

కాల్హేర్, పద్మానగర్, కామత్‌ఘర్ వైపు ఉండే మన తెలుగు ఇళ్ళల్లో సెలవులంటే మొదట గుర్తొచ్చేది సొంత ఊరు, తర్వాత గుళ్ళు. యాదగిరిగుట్ట, తిరుపతి, పండరిపురం, షిర్డీ. ఈమధ్య ఆ వరుసలో బ్యాంకాక్ కూడా చేరింది. ట్రావెల్స్ వాళ్ళు అయిదు రోజుల టూర్ అంటారు, అందరం బయలుదేరతాం. మేము ఆ అయిదు రోజులకు ఇంకో మూడు రోజులు కలిపి పక్క దేశం కంబోడియాకు పోయాం. కారణం అంగ్‌కోర్ వాట్. విష్ణుమూర్తి కోసం కట్టిన గుళ్ళలో అంత పెద్దది మన దేశంలో కూడా లేదని చదివాం, అమ్మా నాయినా కాళ్ళు ఆడుతుండగానే చూపిద్దామనుకున్నాం.

ఈ వ్యాసం ఆ గుడి గురించి, ఆ గుడిలో మా నాయిన చూసినవాటి గురించి. అంగ్‌కోర్ మీద పుస్తకాలు చాలా ఉన్నాయి. కానీ నేత పని చేసిన మనిషి ఆ గోడల ముందు నిలబడితే ఏం కనిపిస్తుందో మాలాంటి ఇళ్ళవాళ్ళు రాసుకోవాలి అనిపించింది.

ముందు మా సంగతి రెండు మాటల్లో. మాది పాత నల్లగొండ జిల్లా చౌటుప్పల్ దిక్కు పద్మశాలి కుటుంబం. తాత గుంట మగ్గం మీద నేసేవాడు. నాయిన పదేళ్ళకే కండెలు చుట్టాడు, పద్దెనిమిదేళ్ళకు బొంబాయి వచ్చి పరేల్‌లో ఒక బట్టల మిల్లులో చేరాడు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు పని ఆపేశారు. చాలామందికి ఆ పని మళ్ళీ దొరకలేదు. బొంబాయి మిల్లుల నేత పని భివండి మర మగ్గాలకు తరలింది, దాని వెనకే మనుషులూ వచ్చారు. నాయిన అట్లనే భివండి చేరాడు. ముందు వేరేవాళ్ళ సాంచాలు నడిపాడు, తర్వాత సొంతంగా నాలుగు పెట్టుకున్నాడు. అవి కూడా ఇప్పుడు లేవు, కిలోల లెక్కన ఇనుప సామానుకు పోయాయి. ఆ కార్ఖానా ఉన్నచోట ఇవ్వాళ గోదాం ఉంది.

సాంచాలు పోయిన సాయంత్రం మా పెద్దమ్మాయి ఒక మాట అడిగింది. "మన ఇంటికి చరిత్ర అంటూ ఏముంది, మజూరీ తప్ప?" కోపంతో అడగలేదు. కాలేజీలో తోటి పిల్లలు తమ కోటల గురించి, జాగీర్ల గురించి చెప్పుకుంటుంటే మన దగ్గర చెప్పడానికేముందని అడిగింది. అప్పుడు మేమెవ్వరం జవాబు చెప్పలేదు.

గుడి గురించి కొంత

అంగ్‌కోర్ అనే మాట మన 'నగరం' నుంచే వచ్చింది. నగరం ఖ్మేర్ నోట్లో నొకోర్ అయింది, అదే అంగ్‌కోర్ అయింది. వాట్ అంటే బౌద్ధ ఆరామం. 1113లో రాజైన రెండవ సూర్యవర్మ ఈ గుడి కట్టించాడు. సుమారు 1150 దాకా అతని కాలం. మన దగ్గర ఓరుగల్లులో కాకతీయ రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి కట్టించింది 1163లో. అంటే ఇక్కడా అక్కడా ఉలులు దాదాపు ఒకే కాలంలో మోగాయి.

చుట్టూ కందకం ఉంది, వెడల్పు సుమారు 190 మీటర్లు. కందకంతో కలిపితే గుడి ఆవరణ ఒకవైపు కిలోమీటరున్నర, ఇంకోవైపు కిలోమీటరు మీద మూడొందల మీటర్లు. నడిమి గోపురం నేల నుంచి 65 మీటర్లు లేస్తుంది. అయిదు గోపురాలూ విచ్చని తామర మొగ్గల్లా ఉంటాయి. రాయి అంతా దూరాన ఉన్న కులేన్ కొండల దగ్గర కొట్టి తెచ్చిన ఇసుకరాయి. గుడి ముఖం పడమర దిక్కుకు ఉంటుంది. లోపలి గోడల మీది కథలు కూడా ప్రదక్షిణకు ఎదురుగా, ఎడమ నుంచి తిరిగితేనే వరుసలో వస్తాయి. అపరకర్మల్లో అట్ల తిరగడం మనకు తెలిసిందే. అందుకే ఇది రాజు పోయాక అతని కోసం కూడా ఉద్దేశించిన గుడి అని చాలామంది పండితుల మాట. చనిపోయాక అతనికి పెట్టిన పేరు 'పరమవిష్ణులోక'.

తర్వాతి కాలంలో ఖ్మేర్ ప్రజలు బౌద్ధులయ్యారు, గుడీ బౌద్ధమైంది. అయినా పడమటి గోపురంలో ఎనిమిది చేతుల విష్ణుమూర్తి నిలబడే ఉన్నాడు. అక్కడివాళ్ళు ఆయన్ని 'తా రీచ్' అంటారు, ఊరిని కాపాడే తాతగా కొలుస్తారు. మేము పోయేసరికి ఒంటికి పసుపుపచ్చ బట్ట చుట్టి ఉంది, ముందు అగరవత్తులు, తామర మొగ్గలు. అమ్మ దండం పెట్టి "పేరేదైతే ఏంది, కట్టు మనదే" అంది.

1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ పాలన, తర్వాత అంతర్యుద్ధం. ఆ రోజుల్లో ఈ గుడిని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1986 నుంచి 1993 వరకు భారత పురావస్తు శాఖ బృందం ఇక్కడ మరమ్మతులు చేసింది. రాళ్ళను రసాయనాలతో కడిగిన తీరు మీద విమర్శలు వచ్చాయి. కానీ వేరేవాళ్ళు రావడానికి జంకిన రోజుల్లో వచ్చి పనిచేశారన్న మాట కూడా నిజమే. 1992లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. కంబోడియా జెండా మీద ఉన్నదీ ఈ గుడి బొమ్మే.

గోడల ముందు నాయిన

పడమటి వసారాలో ఒక పక్క కురుక్షేత్రం, ఇంకో పక్క లంకా యుద్ధం. అంపశయ్య మీద భీష్ముడు కనిపించగానే అమ్మ గుర్తుపట్టింది. హనుమంతుడి భుజాల మీద నిలబడి బాణం వేస్తున్న రాముణ్ణి మా చిన్నోడు గుర్తుపట్టాడు. తూర్పు వసారాలో క్షీరసాగర మథనం, పొడుగు సుమారు 49 మీటర్లు. 92 మంది రాక్షసులు, 88 మంది దేవతలు వాసుకిని చెరోవైపు పట్టి లాగుతుంటారు. గైడు లెక్క చెబుతుంటే పిల్లలు నిజంగానే లెక్కపెట్టడం మొదలుపెట్టారు, నలభై దాటాక వదిలేశారు.

నాయిన మాత్రం ఈ కథల దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. ద్వారాల పక్క గోడల దగ్గర ఆగాడు. అక్కడ దేవుళ్ళు లేరు, కథ లేదు. గుండ్రటి గళ్ళు, గడికో పువ్వు, ఆ గళ్ళ మధ్య సందుల్లో ఇంకో చిన్న పువ్వు, అంతే. లోతుగా చెక్కింది కాదు, పైపైన గీరినట్టు ఉంటుంది. అదే నమూనా కింద నుంచి పైదాకా ఎక్కడా తెగకుండా సాగుతుంది. నాయిన వేలితో గాలిలోనే ఆ గళ్ళను లెక్కపెట్టి పెద్దమ్మాయితో అన్నాడు: "ఇది చెక్కినోని పువ్వు కాదు బిడ్డా. నేసినోని పువ్వు. చూడు, అంచు కాడికి వచ్చేసరికి సగం పువ్వు కోసుకపోయింది. రాతి మీద చెక్కేటోనికి సగం పువ్వు ఎందుకు? బట్టలనే అట్లయితది."

తర్వాత చదివితే తెలిసింది. పాత బట్టల మీద పరిశోధన చేసేవాళ్ళు కూడా ఇదే మాట రాశారు. ఆ గోడల మీదివి అప్పట్లో ద్వారాలకు, మండపాలకు వేలాడదీసిన ఖరీదైన బట్టలకు రాతి నకళ్ళని వాళ్ళ వాదన. బట్ట నూరేళ్ళు కూడా ఆగదు. ఆ వేడికి, ఆ తేమకు అంగ్‌కోర్ కాలం బట్టల్లో ఇవ్వాళ చూపించడానికి దాదాపు ఏమీ మిగల్లేదు. ఉన్నదంతా రాయి దాచిపెట్టిన నకలే. గుడి మొత్తం మీద సుమారు 1,800 మంది దేవతా స్త్రీల శిల్పాలున్నాయి. వాళ్ళ చీర కుచ్చిళ్ళ మీద పువ్వులు, గీతలు, అంచులు కూడా చెక్కారు. నాయిన వాళ్ళ ముఖాలు చూడలేదు. మోకాళ్ళ దగ్గర వంగి అంచులే చూశాడు. కాపలా అమ్మాయి అనుమానంగా చూస్తుంటే మేమే దగ్గరికి పోయి, ఆయన నేతపని మనిషి అని సైగలతో చెప్పాం. ఆమె నవ్వి తన మెడలోని గళ్ళ కండువా చూపించింది. దాన్ని వాళ్ళు 'క్రమా' అంటారు. మన తువ్వాల లాగే తలకు చుట్టుకుంటారు, నడుముకు కట్టుకుంటారు, బిడ్డను ఊయలలో వేస్తారు.

బట్ట గురించి రాసిపెట్టినవాళ్ళు

1296లో జౌ దాగువాన్ అనే చైనా మనిషి రాజదూతల బృందంతో అంగ్‌కోర్ వచ్చాడు. దాదాపు ఏడాది ఉండి చూసినవన్నీ రాశాడు. మనలాంటివాళ్ళకు ఆ పుస్తకంలో బట్టల భాగం బంగారం. ఒళ్ళంతా పువ్వులున్న బట్ట రాజు ఒక్కడే కట్టాలట. ఎవరి హోదాకు ఎలాంటి బట్ట అన్నదానికి కట్టుబాట్లున్నాయట. సియాం నుంచి, చంపా నుంచి బట్ట వస్తుంది, కానీ అన్నిటికన్నా మేలైనదని పేరు 'పడమటి సముద్రం' నుంచి వచ్చే బట్టకే, నేత సన్నం కాబట్టి అని రాశాడు. స్థానికులు నేసే తీరు కూడా రాశాడు: మగ్గం ఉండదు, ఒక కొస నడుముకు కట్టుకుంటారు, ఇంకో కొస కిటికీకి తగిలిస్తారు, వెదురు గొట్టమే నాడె.

చైనావాళ్ళకు పడమటి సముద్రం అంటే మన వైపు సముద్రం. జౌ ఏ రేవు పేరూ రాయలేదు. కానీ సరిగ్గా ఆ కాలంలోనే మార్కో పోలో మన మోటుపల్లి రాజ్యం గురించి రాస్తూ, అక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని, దాన్ని ఏ రాజూ ఏ రాణీ కాదనరని మెచ్చుకున్నాడు. అది రుద్రమదేవి రాజ్యం. అంతకు ముందు 1244లో ఆమె తండ్రి గణపతిదేవుడు మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. ఓడలో వచ్చే పరదేశి వర్తకుల సరుకు దోచుకోబడదని, సుంకం ఇంతేనని అందులో మాట ఇచ్చాడు. తర్వాత 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు మచిలీపట్నంలో కోఠీ పెట్టింది కూడా బట్ట కోసమే. తూర్పు దీవుల్లో సుగంధ ద్రవ్యాలు కొనాలంటే వెండి కన్నా కోరమాండల్ బట్ట బాగా చెల్లేది.

జౌ చూసిన ఆ బట్ట మన తాతముత్తాతలు నేసిందేనని మేము అనడం లేదు. చెప్పగలిగింది ఒకటుంది. ఏడు వందల ఏళ్ళ కింద ఒక పెద్ద రాజ్యంలో మంచి బట్ట అంటే సముద్రం దాటి మన దిక్కు నుంచి వచ్చేది. ఆ పేరును తెచ్చినవాళ్ళు రాజులు కారు, వర్తకులు కూడా ఒక్కళ్ళే కారు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూచున్న మనుషులు.

వాళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు. అంగ్‌కోర్ దగ్గరే ఉన్న తా ప్రోమ్ గుడికి చెందిన 1186 నాటి శాసనం ఉంది. ఏడవ జయవర్మ తన తల్లి పేరున కట్టించిన గుడి అది. గుడి ఆస్తులు అందులో వరుసగా రాశారు: చైనా తెరలు 876, పట్టు పరుపులు 512, గొడుగులు 523. గుడికి సేవ చేసే ఊళ్ళ జనం 79,365 మంది. ముత్యాలను కూడా లెక్కపెట్టి రాశారు. తెర నేసినవాని పేరు మాత్రం ఒక్కటీ లేదు. భివండిలో మా నాయిన నేసిన లక్షల మీటర్ల గ్రే బట్ట మీదా ఆయన పేరు లేదు. మీద పడ్డది వేరేవాళ్ళ మిల్లు ముద్ర.

తామర తూడు

మధ్యాహ్నం భోజనం అయ్యాక సియెమ్ రీప్ ఊరి బయట తామర కాడల నుంచి నూలు తీసి బట్ట నేసే చోటికి పోయాం. ఇది గైడు చెప్పిన మాట, మా పథకంలో లేదు.

పద్మశాలి ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు కులపురాణం తెలుసు. మార్కండేయ మహాముని యజ్ఞం చేస్తే భావనారుషి పుట్టాడు, విష్ణుమూర్తి నాభి కమలం తూడు నుంచి దారం తీసి దేవతలకు మొదటి బట్ట నేశాడు. మన ఊళ్ళకు కూనపులివాళ్ళు వచ్చేవాళ్ళు. బొమ్మల పటం విప్పి రాత్రంతా ఈ కథ చెప్పేవాళ్ళు. చేర్యాలలో గీసే పటాలవి. నాయిన చిన్నప్పుడు చూశాడు. మేము బొంబాయిలో పుట్టాం, విన్నాం, చూడలేదు. మా పిల్లలు విన్నా నమ్మలేదు. తామర పువ్వుతో బట్టేంటి అనేవాళ్ళు.

అక్కడ ఒక ఆడమనిషి నాలుగైదు తామర కాడలు కలిపి పట్టుకుంది. కత్తితో చుట్టూ గాటు పెట్టి పుటుక్కున విరిచింది. రెండు ముక్కలూ నెమ్మదిగా దూరం జరిపింది. మధ్యలో సాలెగూడు లాంటి సన్న పోగులు సాగాయి. తడి చేసిన బల్ల మీద వాటిని అరచేత్తో దొర్లించింది. పోగులు ఒకటై నూలయ్యాయి. దాని కొసకే ఇంకో విరుపు, ఇంకో దొర్లింపు. కాడ ఎండిపోకముందే ఈ పని అయిపోవాలి. ఒక్క కండువాకు వేల కాడలు కావాలట. మయన్మార్‌లోని ఇన్‌లే చెరువు దగ్గర గత శతాబ్దం మొదట్లో భిక్షువుల కోసం ఇలా నేయడం మొదలైంది, ఇక్కడికి ఈమధ్యే వచ్చింది.

ఇది మన పురాణానికి రుజువు కాదు. అంగ్‌కోర్ రాజులు తామర బట్ట కట్టారనీ కాదు. కానీ ఆ కథ కట్టినవాళ్ళు గాలిలోంచి కట్టలేదని తెలిసింది. చెరువు గట్టున తామర తూడు విరిచి చూసినవాళ్ళు, విరిగినచోట దారం చూసినవాళ్ళు, దారం కనిపిస్తే నేయాలనిపించే మనుషులు కట్టిన కథ అది.

నాయిన అడిగి ఒక కాడ చేతికి తీసుకున్నాడు. మొదటిసారి పోగు తెగింది. రెండోసారి రాలేదు. మూడోసారి బెత్తెడు దారం తీసి బల్ల మీద దొర్లించాడు. వాళ్ళ మగ్గం దగ్గరికి పోయి పడుగు మీద చెయ్యి పెట్టి బిగువు చూశాడు. నేసే అమ్మాయికి ఖ్మేర్ తప్ప రాదు, ఆయనకు తెలుగు, మరాఠీ, కాస్త హిందీ. అచ్చు చూపించి ఆయన ఏదో అడిగాడు, ఆమె వేళ్ళతో ఏదో లెక్క చెప్పింది, ఇద్దరూ తలలూపారు. వాళ్ళకు అర్థమైంది, మాకు కాలేదు.

పెద్దమ్మాయి పక్కనే నిలబడి ఉంది. "తాతా, దీన్నేమంటారు? దాన్నేమంటారు?" అని ఒక్కొక్కటీ చూపిస్తూ అడగడం మొదలుపెట్టింది. ఆ పిల్ల పుట్టిన ఇంట్లో నాలుగు సాంచాలు నడిచాయి, అయినా ఈ ప్రశ్నలు అడగడం అదే మొదలు.

ఇంకో చిన్న సంగతి, అక్షరాల గురించి

మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. బడి మరాఠీలోనో ఇంగ్లీషులోనో. ఖ్మేర్ బోర్డులు చూసి మా చిన్నోడు "ఇది తెలుగా?" అన్నాడు. తప్పేం లేదు. ఖ్మేర్ లిపి దక్షిణ భారతం నుంచి పోయిన పల్లవ లిపిలోంచి పెరిగింది. మన లిపి, అది, రెండూ బ్రాహ్మి పిల్లలే. మన అక్షరానికి తలకట్టు ఉన్నట్టే ఖ్మేర్ అక్షరానికీ తల మీద ఒక గీత ఉంటుంది, దాన్ని 'జుట్టు' అంటారు. మన ఒత్తుల్లాగే కింద రాసేవాటిని 'కాళ్ళు' అంటారు. తేదీ ఉన్న ఖ్మేర్ శాసనాల్లో మొదటిది అంగ్‌కోర్ బోరేలో దొరికింది, 611 నాటిది. కడప జిల్లా కలమళ్ళలోని రేనాటి చోళుల తెలుగు శాసనం సుమారు 575 నాటిది. నలభై ఏళ్ళ లోపు తేడాతో రెండు భాషలూ రాతి మీదికెక్కాయి.

పోయేవాళ్ళకు రెండు మూడు మాటలు

ఒక రోజు టికెట్టు 37 డాలర్లు, పన్నెండేళ్ళ లోపు పిల్లలకు అక్కర్లేదు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి. నడిమి గోపురం పైఅంతస్తుకు మెట్లు నిటారుగా ఉంటాయి, చిన్నపిల్లల్ని పైకి పోనివ్వరు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కింద వసారాల్లోనే ఉంటే మంచిది, చూడాల్సింది అక్కడే ఎక్కువ. తెల్లారి సూర్యోదయానికి జనం విరగబడతారు. వసారాలు తీరిగ్గా చూడాలంటే ఆ గుంపు టిఫిన్లకు పోయాక వెళ్ళండి.

కాల్హేర్ వచ్చాక మా పెద్దమ్మాయి ఒక నోట్‌బుక్కు తీసింది. పడుగు, పేక, నాడె, అచ్చు, ఆసు, కండె, రాట్నం, చిటికి అంటూ నాయిన చెబుతుంటే తెలుగులో రాస్తోంది. తప్పులు పోతే వాళ్ళ నాయినమ్మ దిద్దుతోంది. ప్రతి మాట పక్కన బొమ్మ వేస్తోంది. గుంట మగ్గం మాటలు వేరే, మిల్లు మాటలు వేరే, సాంచా మాటలు వేరే. మిల్లు మాటల్లో సగం మరాఠీ, సగం ఇంగ్లీషు, నాయిన నోట్లో అన్నీ తెలుగే. ఇప్పటికి 140 దాటాయి. సూరత్‌లో, షోలాపూర్‌లో, ఇచల్‌కరంజిలో ఉన్న మనవాళ్ళ ఇళ్ళల్లో ఇంకా వేరే మాటలుంటాయి. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే అడిగి రాసుకోండి. రాసినవి మాకూ పంపితే మా పిల్ల పుస్తకంలో ఏ ఊరి మాటో ఆ ఊరి పేరుతోనే ఎక్కిస్తుంది.